ఇతర సమగ్ర ఆదాయం

జనవరి 14

మరదలు పిల్లకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం కులాసా. ఫోను ఉండగా ఈ కాగితాల గోలేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోను మోగితే మీ అన్నయ్య చేతికే వెళ్తుంది. "లెక్కలపిల్లా, ఎలా ఉన్నావే?" అని మొదలుపెట్టి, మీ చిన్నప్పటి కుక్కపిల్ల కథ దాకా వెళ్ళి, పెట్టేస్తారు. నాకు మిగిలేది "ఉంటానమ్మా" అన్న ఒక్క ముక్క. పైగా నేనడగబోయేది చెవిన పడితే ఎక్కే రకం కాదు. కళ్ళతో చూసుకోవాలి.

సంగతేమిటంటే మన స్ప్రింగుల ఫ్యాక్టరీకి పెద్ద బేరం తగిలింది. సముద్రానికి అవతల పంపులు తయారుచేసే కంపెనీ వాళ్ళు మూడేళ్ళపాటు మన దగ్గరే కొంటామంటున్నారు. నమూనాలు పట్టుకెళ్ళి నొక్కారు, సాగదీశారు, కాల్చారు. వంక పెట్టలేకపోయారు. ఇక మా లెక్కలు చూస్తారట. డిసెంబరుతో ముగిసిన ఏడాదికి ఆర్థిక నివేదికలు అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చేయించి, ఆడిటర్ సంతకంతో ఏప్రిల్ లోపు పంపమన్నారు.

అంతకుముందు ఏడాదివి మన అకౌంటెంటుగారు ఆ పద్ధతిలోనే చేసిపెట్టారు. ఆయన నవంబరులో మానేశారు. జీతం ఆలస్యమైతే ఎన్నాళ్ళని మొహమాటపడతారు? కొత్తవాళ్ళని పెట్టుకునే ఓపిక మాకు లేదు. "నువ్వు లెక్కల టీచరువేగా, నువ్వు చెయ్యి" అన్నారు మీ అన్నయ్య. నేను బడిలో చెప్పింది త్రిభుజాలూ వృత్తాలూ. ఈత వచ్చినవాడిని ఓడ నడపమన్నట్టుంది.

పాత ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. "ఈక్విటీలో మార్పుల నివేదిక" అని ఒకటుంది. నిఘంటువు తీస్తే ఈక్విటీ అంటే న్యాయం అని ఉంది. మన ఫ్యాక్టరీలో న్యాయం ఏడాదికెంత మారిందో కూడా లెక్క కడతారా అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. "ఇతర సమగ్ర ఆదాయం" అన్నారు. తీగ ముక్కలు తుక్కుకి అమ్మితే వచ్చేదేనా?

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఈ బేరం కుదిరితే కొత్త చుట్టుడు మెషీను మీద తెచ్చిన అప్పు గట్టెక్కుతుంది. కుదరకపోతే ఏమిటన్నది ఇంట్లో ఎవరం ఎత్తడం లేదు. నాకు అక్షరాభ్యాసం చేయించు.

నీ వదిన, ప్రస్తుతానికి అకౌంటెంటు

*

జనవరి 25

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. న్యాయం దగ్గర పైకే నవ్వేశాను. పక్క బల్ల ఆవిడ ఏమిటని అడిగింది, చెప్తే ఆవిడా నవ్వింది. మా ఆఫీసులో కిటికీలు తెరుచుకోవు, నవ్వులు కూడా అరుదే. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎవరో రాసిన అంకెలని అనుమానించడమే నా ఉద్యోగం.

సరే, పాఠం. ఆ ఫైల్లో ఐదు భాగాలుంటాయి. ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకి జవాబు.

ఆర్థిక స్థితి నివేదిక: ఏడాది చివరి రోజున మీకేముంది, ఎవరికెంత ఇవ్వాలి, అదిపోగా మీదంటూ ఎంత మిగిలింది. ఆ మిగిలిందే ఈక్విటీ. న్యాయం కాదు తల్లీ, యజమాని వాటా. ఇందులో పన్నెండు నెలల గీత ముఖ్యం. ఏడాదిలోపు తీర్చాల్సినవి ఒకవైపు, తర్వాతెప్పుడో తీర్చాల్సినవి మరోవైపు. చూసేవాడు ముందుగా చూసేది ఆ గీతనే.

రెండోది ఏడాది పొడుగునా ఏం సంపాదించారు, ఏం పోగొట్టుకున్నారు అన్నది. దీనికి రెండు అంతస్తులు. పై అంతస్తు లాభనష్టాలు: స్ప్రింగులమ్మిన డబ్బు, తీగ ఖర్చు, జీతాలు, వడ్డీ. తుక్కు కూడా అక్కడే. కింది అంతస్తు నువ్వడిగిన ఇతర సమగ్ర ఆదాయం. అంటే ఉన్న ఆస్తి విలువ పెరగడం లాంటివి. పెరిగిన మాట నిజమే, కానీ చేతికి రాలేదు, వ్యాపారం వల్ల వచ్చిందీ కాదు. ఇంటికి రేటు పెరిగిందని పచారీ కొట్టువాడు సరుకులివ్వడు కదా, అదన్నమాట. రెండంతస్తులూ ఒకే కాగితం మీద చూపించవచ్చు, విడివిడిగా రెండింటి మీదైనా చూపించవచ్చు. నీ ఇష్టం.

మూడోది యజమాని వాటా ఏడాదిలో ఎలా పెరిగింది, ఎలా తరిగింది అన్నది. నాలుగోది నగదు: ఎక్కణ్ణించి వచ్చింది, ఎటు పోయింది. ఐదోది నోట్సు. వీటిని చాలామంది పెరట్లో పడేసిన సామానులా చూస్తారు. చూడకూడదు. అవీ నివేదికలో భాగమే, పై అంకెలకి మాటలొచ్చేది అక్కడే.

రావలసినదాన్నీ ఇవ్వవలసినదాన్నీ కలిపేసి తీసివేత చేయకు. ప్రతి అంకె పక్కనా పోయిన ఏడాది అంకె ఉండాలి.

ఒక సలహా. ఫ్యాక్టరీ ఉన్న నేల ఇంకా నాన్న కొన్ననాటి ధరకే లెక్కల్లో ఉండుంటుంది. ప్రమాణాల ప్రకారం దానికి ఇప్పటి విలువ కట్టించి చూపించవచ్చు. యజమాని వాటా కాస్త నిండుగా కనిపిస్తుంది. అన్నయ్యని అడుగు.

మావాడికి పన్ను నొప్పి. వాడు మూలుగుతుంటే పక్కన కూర్చుని ఇది రాశాను, తప్పులుంటే వాడివే.

నీ మరదలు

*

ఫిబ్రవరి 6

మరదలు పిల్లకి,

మీవాడి పన్ను తగ్గిందా? లవంగం నూనె పెట్టు.

నీ ఉత్తరం గోడకి అంటించుకుని పని చేశాను. కూడికలు కుదిరాయి. రెండువైపులా సమానంగా వచ్చిన రోజు టెన్త్ పాసైనంత సంబరపడ్డాను. నేలకి విలువ కట్టడానికి ఒకాయన వచ్చాడు. టేపు పట్టుకుని గేటు నుంచి కొలిమి షెడ్డు దాకా నడిచాడు. మీ అన్నయ్య వెంటే తిరిగి, ఇక్కడ మా నాన్న మొదటి మెషీను పెట్టాడు, ఇక్కడ వాన నీళ్ళు నిలిచేవి అని చెబుతూనే ఉన్నారు. రేటు విని మీ అన్నయ్య రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు. రాత్రి మాత్రం, "ఇంతకీ ఈ నేల సంగతి చెల్లికెందుకు తట్టిందట?" అన్నారు. లెక్క కోసమన్నాను. ఊఁ అన్నారు.

రెండంతస్తులూ ఒకే కాగితం మీద పెట్టాను. మళ్ళీ ఇంకో పేజీ ఎందుకని. స్ప్రింగుల మీద ఈ ఏడు నష్టమే వచ్చింది. కింద నేల విలువ కలిసేసరికి చివరి వరసలో "మొత్తం" అన్నచోట మంచి అంకె నిలిచింది. మీ అన్నయ్య భోజనమయ్యాక ఆ కాగితం తీసుకుని, కింద నుంచి చదివారు. ఎవరైనా అంతేగా, ఆఖరికి ఎంతన్నదే చూస్తారు. చాలా కాలానికి ఆయన ముఖం తేటగా కనిపించింది. మర్నాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళారు.

ఒక్క అనుమానం. బ్యాంకు అప్పు ఇంకా ఐదేళ్ళలో తీర్చాల్సింది, దాన్ని దూరం వైపు పెట్టాను. వాళ్ళ షరతు ఒకటి మేం తప్పాం, ఆదాయం ఇంతకి తగ్గకూడదని ఏదో. తప్పితే మొత్తం ఒకేసారి కట్టమని అడిగే హక్కు వాళ్ళకుందట. కానీ మేనేజరుగారు మంచివారు. ఈ ఏడాది అడగం అని ఉత్తరమిచ్చారు. కాబట్టి పర్లేదు కదా?

వదిన

*

ఫిబ్రవరి 17

వదినా,

రెండు సంగతులు. వెంటనే రాస్తున్నాను, కుశలాలు తర్వాత.

ఒకటి. చివరి వరసలోది లాభం కాదు. అన్నయ్య అది లాభమనుకుని ఉంటే ఈ ఉత్తరం చేత్తో పట్టుకునే వెళ్ళి చెప్పు. మీకొచ్చింది నష్టం. నేల విలువ పెరగడం వేరు. ఆ నేలనమ్మితే తప్ప అందులో ఒక్క కాసు చేతికి రాదు, అమ్మితే ఫ్యాక్టరీ ఉండదు.

రెండు. షరతు ఏ నెలలో తప్పారు? బ్యాంకు ఉత్తరం మీద తేదీ ఏమిటి? ఈ రెండు తేదీలూ రాయి. మిగతాది దాన్నిబట్టి ఉంటుంది.

నేల సంగతి నాకెందుకు తట్టిందని అన్నయ్య అడిగాడా? నా పని అదేగా. నవ్వొచ్చింది.

మరదలు

*

ఫిబ్రవరి 28

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చేసరికి చేయి దాటిపోయింది.

ఆ కాగితం చదివిన వారమే, శనివారం పని ముగిశాక, మీ అన్నయ్య అందరినీ షెడ్డు ముందు నిలబెట్టి చెప్పారట. "ఈ ఏడు మనం లాభంలోకి వచ్చాం. అంతర్జాతీయ పద్ధతిలో లెక్క కడితే తేలింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు." నాకు మేస్త్రీ భార్య చెప్పింది, దారిలో కనిపించి, నవ్వుకుంటూ.

ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అనడానికి కారణముంది. అవతలి రోడ్డులో తలుపుల బందులు చేసే కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. జనవరిలో మన మేస్త్రీని, ఇంకా మెషీన్ల మీద చేయి తిరిగిన కొందరిని పిలిచారు. మేస్త్రీ ఊగిసలాడుతున్నాడు. మీ అన్నయ్య మాట విని, ఆదివారమే వెళ్ళి రానని చెప్పేశాడట. "పెద్దయ్యగారి కాలం నుంచి ఉన్న చోటు, లాభం వచ్చినప్పుడు వదిలేస్తే కళ్ళు పోవా" అన్నాడట. అతన్ని చూసి మిగతావాళ్ళూ ఆగిపోయారు.

నీ ఉత్తరం పట్టుకుని మీ అన్నయ్యకి చెప్పాను. మొదట అర్థం కానట్టు చూశారు. తర్వాత, "మొత్తం అని నువ్వే రాశావుగా? మొత్తం అంటే మొత్తమేగా?" అన్నారు. అవును, రాసింది నేనే.

తేదీలు. షరతు తప్పింది నవంబరులో. బ్యాంకు ఉత్తరం జనవరి తొమ్మిదిన. ఎనిమిదో తొమ్మిదో రోజుల తేడా. సంవత్సరాది సెలవులు రాకపోతే డిసెంబరులోనే ఇచ్చేవారట, మేనేజరుగారే అన్నారు.

వదిన

*

మార్చి 8

వదినా,

నాకు నచ్చిన జవాబు దొరుకుతుందేమోనని ప్రమాణం మళ్ళీ తీసి చదివాను. మా పై ఆఫీసరుని కూడా అడిగాను. లేదు.

ఏడాది చివరి రోజున, ఆ అప్పుని పన్నెండు నెలలు వాయిదా వేసే హక్కు మీ చేతిలో ఉండాలి. డిసెంబరు ముప్పై ఒకటిన మీకా హక్కు లేదు. తర్వాత బ్యాంకు దయతలచినా, నివేదిక పూర్తికాకముందే తలచినా, ఆ రోజు స్థితి మారదు. కాబట్టి అప్పు మొత్తం దగ్గరి వైపుకి వచ్చేయాలి. వస్తే ఏడాదిలోపు ఇవ్వాల్సింది, చేతిలో ఉన్నదానికి మూడింతలవుతుంది. తెలుసు. నువ్వు పంపిన అంకెలతో నేనూ వేసి చూశాను.

ఆడిటర్ గారు ఆ తేదీ చూడకపోతే అని నీకు అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది, అందుకే రాస్తున్నాను. ఆ ఆలోచన మానుకో. అది బయటపడితే బేరంతో పాటు మీ మాటా పోతుంది.

చేయగలిగింది నోట్సులో ఉంది. బ్యాంకు జనవరి తొమ్మిదిన ఒప్పుకుందని వివరంగా రాయి. సంస్థ ముందుకు నడుస్తుందా లేదా అన్న విషయంలో గట్టి సందేహాలున్నప్పుడు యాజమాన్యం వాటిని దాచకుండా చెప్పాలి. ఆ వాక్యం ఎలా ఉంటుందో ఒక నమూనా విడిగా రాసి జతచేశాను, ఇక్కడ మా ఫైళ్ళలోంచి తీసి, పేర్లు తీసేసి. మంచి చదువరి నోట్సు చదువుతాడు. చదివితే మీరు నిజాయితీపరులని తెలుస్తుంది.

మేస్త్రీకి, మిగతావాళ్ళకి ఇప్పుడే చెప్పేయమను. ఆ కొత్త ఫ్యాక్టరీ తలుపులు ఇంకా మూసి ఉండకపోవచ్చు. ఇది లెక్కకన్నా ముఖ్యం, వదినా.

మరదలు

*

మార్చి 22

మరదలు పిల్లకి,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను.

నీ నమూనా మీ అన్నయ్య చేతికి చిక్కింది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు బల్ల మీద ఉంది. "సంస్థ కొనసాగగలదా అన్న దానిపై గణనీయమైన సందేహం ఉంది." అంతా నీ దస్తూరి. అది ఎవరిదో ఫైల్లోంచి తీసిన వాక్యమని ఆయనకేం తెలుసు? నువ్వు మన ఫ్యాక్టరీ గురించి తీర్పు రాసి పంపావనుకున్నారు. నేను చెప్పాను. నమూనా అన్నాను. "నమూనా ఇంత బాగా మనకే సరిపోయిందా?" అన్నారు.

తర్వాత నేల సంగతి తీశారు. నాకు రాయాలని లేదు, రాయకపోతే నీకు రేపు ఇంకెవరో చెబుతారు. "నాన్న పోయాక నేలలో వాటా వద్దని సంతకం పెట్టింది. ఇప్పుడు దానికి రేటు కట్టించింది. ఆ రేటు మన చేతే కాగితం మీద పెట్టించింది. తర్వాత ఫ్యాక్టరీ నడవదని రాసిస్తోంది. నడవకపోతే మిగిలేది నేలేగా? పిచ్చివాణ్ణా నేను?"

నేను కోపంగానే అరిచాను. "బ్యాంకువాడే ఊరుకున్నాడే! ఊరుకోనిది ఒక్క నా చెల్లెలే!" అని ఆయన అంతకన్నా గట్టిగా అరిచారు. అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు. కంచం పెడితే తింటారు, తీస్తే లేస్తారు.

పనివాళ్ళకి చెప్పమన్నాను. "బేరం వచ్చాక చెబుతాను" అన్నారు. నేను చెబుదామని రెండుసార్లు గేటు దాకా వెళ్ళాను. మేస్త్రీ ఎదురొచ్చి, "అమ్మగారూ, పంపుల కంపెనీ వాళ్ళకోసం కొత్త అచ్చు తయారుచేస్తున్నాం, చూద్దురుగాని రండి" అని లోపలికి తీసుకెళ్ళాడు. చూసి, బాగుందని చెప్పి వచ్చేశాను.

నివేదిక మాత్రం నువ్వు చెప్పినట్టే చేశాను. అప్పు దగ్గరి వైపు పెట్టాను. నోట్సులో అన్నీ రాశాను. ఆడిటర్ గారు తప్పు పట్టడానికేం లేదన్నారు, మెచ్చుకున్నారు కూడా. నిన్ననే పంపించాం.

నేల మాటలో నీ మనసులో ఏముందో నాకు తెలుసు. అయినా ఒక్క ముక్క ఆయనకి నువ్వే రాస్తే బాగుంటుందేమో.

వదిన

*

ఏప్రిల్ 4

వదినా,

"నీ మనసులో ఏముందో నాకు తెలుసు." ఈ వాక్యం ఎన్నిసార్లు చదివానో. తెలిస్తే నన్ను రాయమనడం దేనికి? తెలిసినదానికి సాక్ష్యమెందుకు? నీకూ ఎక్కడో ఒక మూల అనుమానముందన్నమాట.

ఒక్క ముక్క రాయమన్నావు. రాశాను. మాటలు నమ్మేలా లేడని, నాన్న పోయిన ఏడాది నేను పెట్టిన సంతకం, ఆ హక్కు వదులుకున్న కాగితం, దాని నకలు తీయించి, ఆఫీసు ముద్ర కొట్టించి, అన్నయ్య పేర నేరుగా పంపాను. ఇంకేం రాయలేదు. మా పనిలో ఇంతే. మాట వద్దు, కాగితం చూపించమంటారు.

నువ్వడిగితే చెప్పాను. అడిగినదానికల్లా సరిగ్గానే చెప్పాను. ఇక నుంచి లెక్కల సంగతులు మీ ఆడిటర్ గారినడుగు.

మావాడికి ఆ పన్ను తీయించేశాం.

- నేను

*

మే 10

మరదలు పిల్లకి,

నెలపైనే అయింది. కోపం తగ్గిందా అని అడగను. తగ్గేలాంటి వార్త నా దగ్గర లేదు.

నేను తెలుసునన్నది నిజంగా తెలుసుననే. ఆయనకి తెలియజెప్పమని అడిగాను, నాకు కాదు. రాయడం రాక అలా పడింది. ముప్పై మంది పిల్లలకి ఒకేసారి పాఠం చెప్పినదాన్ని, ఒక్క మనిషికి ఒక్క మాట సరిగ్గా రాయలేకపోయాను.

పంపుల కంపెనీ వాళ్ళు వద్దన్నారు. మర్యాదగానే రాశారు. స్ప్రింగుల నాణ్యత గురించి మంచి మాటలు చెప్పి, "మీ స్వల్పకాలిక అప్పుల నిష్పత్తి మా నిబంధనలకు లోబడి లేదు" అన్నారు. మీ అన్నయ్య ఫోన్ చేసి బ్రతిమాలారు. బ్యాంకు ఒప్పుకున్న సంగతి నోట్సులో ఉంది చూడండి అన్నారు. అవతలి అమ్మాయి, పాపం మంచిదే, తమ దగ్గర అంకెలు మెషీనులో వేస్తారని, నిష్పత్తి తప్పితే ఫైలు అక్కడే ఆగిపోతుందని, నోట్సు చదివే మనిషి దాకా రాదని చెప్పిందట.

బ్యాంకువాళ్ళ ఉత్తరంలో ఒక చిన్న షరతుంది, బేరం కుదిరితేనే అని. అందరం కుదురుతుందనే అనుకున్నాం గనక దాన్నెవరం పట్టించుకోలేదు. ఇప్పుడు వాళ్ళు మొత్తం కట్టమంటున్నారు. మేనేజరుగారికి వేరే చోటికి బదిలీ అయింది.

నీ కాగితం కూడా ఆ వారమే వచ్చింది. మీ అన్నయ్య ముద్ర చూశారు, మడత విప్పి మొత్తం చదివారు. లోపల ఒక్క అక్షరం ఉందేమోనని కవరు తలకిందులు చేసి దులిపారు. "కోర్టు నోటీసులా పంపింది" అన్నారు. అంతే. మళ్ళీ నీ పేరు ఎత్తలేదు.

పనివాళ్ళకి చెప్పింది చివరికి నేనే. మీ అన్నయ్య గదిలోంచి రాలేదు. షెడ్డు ముందు నిలబడ్డాను. నెలాఖరుకి మూసేస్తున్నామన్నాను. ఎవరూ అరవలేదు. మేస్త్రీ మాత్రం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ముందుకొచ్చి, "లాభమన్నారు కదమ్మా అయ్యగారు" అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

నేను చెప్పబోయాను. నువ్వు నాకు చెప్పినట్టే, పై అంతస్తు, కింది అంతస్తు అని. "ఆ లాభం మన పనిది కాదు మేస్త్రీ, ఈ నేలది. నేల విలువ పెరిగింది."

అతను కిందికి చూశాడు, నూనె మరకల నేలకేసి. "అదేం పని చేసిందమ్మా? పని మేం చేశాం గదా?" అన్నాడు.

మనవాళ్ళు అవతలి ఫ్యాక్టరీకి మళ్ళీ వెళ్ళి పని అడిగారట. కుర్రవాళ్ళని ఇద్దరిని తీసుకున్నారు. మేస్త్రీని, ఈ వయసులో ఇక వద్దన్నారు.

వదిన

*

మే 21

వదినా,

ముందుగా, నన్ను క్షమించు. ఆ కాగితం పంపకుండా ఉండాల్సింది. పక్కన "అన్నయ్యా" అని ఒక్క మాటైనా రాయాల్సింది. పెన్ను తీశాను, ఏం రాసినా సంజాయిషీలా ఉందని మానేశాను.

రెండు పేజీలుగా చేయమని చెప్పాల్సింది. నష్టం ఒక కాగితం మీద, నేల విలువ ఇంకో కాగితం మీద ఉంటే, అన్నయ్య మొదటి కాగితం కింద నష్టమే చూసేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవాడు కాదు. మేస్త్రీ వెళ్ళిపోయేవాడు. "నీ ఇష్టం" అని రాశాను. నేను రోజూ ఆఫీసులో చెప్పే మాటే అది. ప్రమాణం రెండింటికీ ఒప్పుకుంటుంది, నీ ఇష్టం.

నేను వస్తాను. సెలవు పెట్టాను. మావాడిని కూడా తీసుకొస్తాను, వాడిని చూస్తే అన్నయ్య మెత్తబడతాడు. బ్యాంకువాళ్ళతో నేను మాట్లాడతాను. నా దగ్గర ఉన్నదేదో ఉంది, అది చాలదని తెలుసు, అయినా తెస్తాను. గుమ్మం దగ్గర తిట్టినా పడతాను. తిట్టడానికైనా మాట్లాడాలి కదా.

రమ్మని ఒక్క ముక్క రాయి.

నీ మరదలు

*

జూన్ 2

మరదలు పిల్లకి,

రావద్దు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. డబ్బు తెస్తానన్న చోట ఆపేయమన్నారు. "కొనుక్కోవడానికి వస్తోందా?" అన్నారు. నేను బదులు చెప్పేలోపే లేచి వెళ్ళి ఖాళీ షెడ్డులో కూర్చున్నారు. మెషీన్లకి బ్యాంకువాళ్ళు సీలు వేశారు. వాటి మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు రోజూ.

ఇప్పుడు నువ్వొస్తే ఆయన ఇంట్లోంచి వెళ్ళిపోతారు. నాకు ఆ భయం నిజంగా ఉంది. కొన్నాళ్ళు పోనీ.

వదిన

*

జూన్ 15

వదినా,

సెలవు రద్దు చేసుకున్నాను. నువ్వెప్పుడు రమ్మంటే అప్పుడు. వారానికోసారి పోస్టుకార్డు ముక్కైనా రాయి. అన్నయ్య తింటున్నాడా, నిద్రపోతున్నాడా, అంతే చాలు.

మరదలు

*

సెప్టెంబరు 3

మరదలు పిల్లకి,

నీ కార్డులన్నీ అందాయి. జవాబు రాయలేదు. తింటున్నారు. నిద్ర తక్కువ.

నేలని వేలం వేశారు. విలువ కట్టినాయన చెప్పిన దాంట్లో సగానికి పోయింది. తొందరలో అమ్మితే అంతేనట. కొన్నవాళ్ళు గోదాము కడతారు. షెడ్డు పైకప్పు రేకులు ఇప్పటికే దింపేశారు. మేస్త్రీ ఆ రేకులు దింపే కూలిపనికి వచ్చాడు. నన్ను చూసి తలపాగా సర్దుకుని పక్కకి తిరిగాడు. నేనూ అటు వెళ్ళలేదు.

ఆఖరి నివేదిక ఒకటి ఇవ్వాలన్నారు, ముగించడానికి. ఎవరినీ అడగకుండా నేనే చేశాను. సంస్థ ఇక నడవదు గనక మామూలు పద్ధతిలో తయారుచేయలేదని, ఉన్నవాటిని అమ్మితే వచ్చే ధరకే చూపించామని మొదటి నోటులోనే రాశాను. నమూనా అవసరం పడలేదు. ఐదు భాగాలూ వచ్చాయి. రెండువైపులా సరిపోయాయి. ఈసారి సంబరమేమీ కలగలేదు.

మీ అన్నయ్య సంతకానికి కూర్చున్నారు. పేజీలు తిప్పి చూసి, "ఈ పక్క వరసేమిటి?" అన్నారు.

"పోయిన ఏడాది అంకెలు. పక్కనే చూపించాలి."

"ఎందుకు?"

"చదివేవాళ్ళు పోల్చుకోవడానికి."

"ఎవరు చదువుతారు?" అన్నారు.

పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన జవాబు కోసం చూడలేదు. అన్ని పేజీల మీదా సంతకం పెట్టారు. పెన్ను మూత పెడుతూ, తల ఎత్తకుండానే, "దానితో ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయా?" అని అడిగారు.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. నోటికొచ్చేసింది. ఆయన తల ఊపి, చేయి చాచి నా చేతి మీద పెట్టారు. మార్చి తర్వాత నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఆయన నమ్మింది ఆ ఒక్క మాటనే, మరదలు పిల్లా. ఫ్యాక్టరీ పోయింది, పనివాళ్ళ దగ్గర ముఖం పోయింది, నువ్వు పోయావనుకుంటున్నారు. నేనొక్కదాన్నీ మిగిలాను. నేనూ అబద్ధమని తెలిస్తే ఆ మనిషి ఇక లేవరు.

నీ తప్పు ఎక్కడా లేదు. ఇది నీకు చెప్పాలని ఇంత దూరం రాశాను. నువ్వు చెప్పినవన్నీ సరైనవే. మీవాడిని జాగ్రత్తగా చూసుకో.

ఈ కవరు పెట్టెలో వేసి ఇంటికి వెళ్ళాక, నేను ఆయనతో అన్న మాట నిజమవుతుంది. జవాబు రాయకు.

వదిన